నల్గొండ, పాలమూరు ఎండల్లో చెట్టుకప్పను పెంచడం ఎట్లా?

చెట్టుకప్పను పెంచాలనుకునేవాళ్లు మొట్టమొదట అడిగేది ఒకటే: పెట్టెలో వెచ్చదనానికి ఎన్ని వాట్ల బల్బు పెట్టాలి? జవాబు: పెట్టొద్దు. ఈ పెంపకం మీద దొరికే వీడియోల్లో చాలావరకు చలిదేశాల వాళ్లు చేసినవి. పెట్టెను వెచ్చగా ఎట్లా ఉంచాలన్నదే వాళ్ల తిప్పలు. మే నెలలో మిర్యాలగూడలో స్లాబు కింది గదిలో ఉండేవాళ్లకు ఆ తిప్పలు లేవు. మన దగ్గర కప్ప చనిపోతే ముందు వెతకాల్సినవి రెండే: వేడి, నీళ్లు. తిండి, మొక్కలు, లైట్లు ఆ తర్వాతి సంగతి. అందుకే కింద ఆ రెండింటికే ఎక్కువ చోటిచ్చాం.

ముందుగా, ఏ కప్ప?

వానకాలంలో బాత్రూం గోడకో, కిటికీ జాలీకో అతుక్కుని కూర్చునే గోధుమరంగు కప్ప మన ఊరి చెట్టుకప్పే. గోలెం అంచున తెల్లటి నురుగు గూడు కట్టి గుడ్లు పెట్టేది కూడా ఇదే. దాన్ని పట్టి పెట్టెలో వేయకండి. వన్యప్రాణి చట్టంతో చిక్కులు ఒక ఎత్తయితే, బయట తిరగడానికి అలవాటుపడ్డ కప్ప గాజును పసిగట్టలేక మూతి కొట్టుకుని పుండు చేసుకుంటుంది, తిండి మానేస్తుంది. అది ఇంట్లో ఉండాలని మీకుంటే అది వచ్చే సందు మూయకండి, పెరట్లో ఫినాయిలు పోయకండి. మిగతాది అదే చూసుకుంటుంది.

ఇక్కడ చెప్పేదంతా ‘వైట్స్ ట్రీ ఫ్రాగ్’ అనే ఆస్ట్రేలియా ఆకుపచ్చ చెట్టుకప్ప గురించి. కొత్తవాళ్లు చేసే తప్పులను కొంతవరకు తట్టుకునేది ఇదే. పెద్దయితే 7 నుంచి 11 సెంటీమీటర్లు ఉంటుంది, ఆడది పెద్దది. బాగా చూసుకుంటే 15 ఏళ్ల పైన బతుకుతుంది. అంటే ఇప్పుడు ఆరో తరగతి పిల్లవాడి కోసం తెస్తే, వాడు ఉద్యోగంలో చేరేదాకా దాని బాధ్యత ఇంట్లోనే ఉంటుంది. బేరమాడేముందు ఈ లెక్క వేసుకోండి.

ఎర్రకళ్ల చెట్టుకప్ప చూడటానికి అందంగా ఉంటుంది కానీ కొత్తవాళ్లకు వద్దు. అది అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందం సైటిస్ రెండో అనుబంధంలో ఉంది. 2022లో సవరించిన మన వన్యప్రాణి చట్టం ప్రకారం అట్లాంటి జీవిని పెంచేవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటు పరివేష్ పోర్టల్లో నమోదు చేసుకోవాలి. ఏ జాతి కొన్నా, శాస్త్రీయ నామం రాసిన బిల్లు అడగండి. బిల్లు ఇవ్వనన్న దగ్గర కొనకండి.

కొనేటప్పుడు చూడాల్సినవి: ఒళ్లు కనీసం 4 సెంటీమీటర్లు ఉండాలి (వేలిగోరంత పిల్లలు చిన్న తప్పుకే పోతాయి). కళ్లు తేటగా ఉండాలి. తొడల లోపలివైపు, పొట్ట మీద ఎర్రటి మచ్చలు ఉండకూడదు. తడిచేత్తో తాకితే చటుక్కున కదలాలి. మీ ముందే ఒక పురుగు వేయించి తింటుందేమో చూడండి. పగలు అడిగితే నిద్రలో ఉంటుంది కాబట్టి సాయంత్రం వెళ్లండి. ఒకటి లేదా రెండు చాలు. రెండైతే ఒకే సైజువి తీసుకోండి, నోట్లో పట్టినదాన్ని మింగడమే పెద్దదానికి తెలిసిన పని.

కావాల్సినవి

- గాజుపెట్టె: 18 అంగుళాల పొడవు, 18 వెడల్పు, 24 ఎత్తు. ఒకటి రెండు పెద్ద కప్పలకు సరిపోతుంది. పైమూత జాలీది.
- డిజిటల్ ఉష్ణోగ్రత, తేమ మీటర్లు రెండు. ఒకటి పైన, ఒకటి కింద.
- టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాలు కొలిచేది).
- అక్వేరియం షాపులో దొరికే యాంటీ క్లోరిన్, క్లోరిన్ పరీక్ష చుక్కల సీసా.
- ఎరువు కలపని కోకోపీట్, తెల్ల టిష్యూ పేపరు.
- వెడల్పాటి లోతులేని నీళ్ల గిన్నె, కొమ్మలు, మనీప్లాంట్.
- కొత్త స్ప్రే సీసా. పాత గాజు తుడిచే మందు సీసా ఎంత కడిగినా పనికిరాదు.
- కప్పకు వేసే పురుగులకు పట్టించే కాల్షియం పొడి, విటమిన్ డి3 ఉన్న పొడి.
- గ్రాము వరకు చూపే వంటింటి తూకం, సెల్‌ఫోన్‌లో ఒక నోట్స్ పేజీ.

ఇవన్నీ కప్పకంటే ముందు ఇంటికి రావాలి. కప్పను ముందు తెచ్చి, డబ్బాలో పెట్టి, పెట్టె కోసం తిరగడమే అన్నిటికంటే మామూలుగా జరిగే తప్పు.

దశ 1: చోటు

కింది అంతస్తులో, ఉత్తరం వైపు గది మంచిది. పై అంతస్తు గదిలో స్లాబు రాత్రి పదకొండు దాకా వేడి కక్కుతూనే ఉంటుంది. గోడ మీద చెయ్యి పెట్టి చూడండి, మధ్యాహ్నం మూడింటికి వెచ్చగా తగిలే గోడకు పెట్టెను ఆనించకండి. కిటికీ ఎండ నేరుగా పడకూడదు. పది నిమిషాల ఎండకే మూసిన గాజుపెట్టె పొయ్యి అవుతుంది.

వంటగది, దేవుడి గూడు ఉన్న గది వద్దు. అగర్‌బత్తి పొగ, పోపు ఘాటు, దోమల బిళ్ల, లిక్విడ్ మిషన్, స్ప్రే ఇవన్నీ కప్ప తోలు లోంచి లోపలికి పోతాయి. కప్ప నోటితో నీళ్లు తాగదు. పొట్ట కింది తోలుతో పీల్చుకుంటుంది. మనకు వాసనగా తెలిసేది దానికి నేరుగా రక్తంలోకి చేరుతుంది. ఆ గదిలో దోమలకు జాలీ తలుపులు, ఫ్యాను, దోమతెర తప్ప ఇంకేమీ వాడకండి. మున్సిపాలిటీ ఫాగింగ్ బండి చప్పుడు వినగానే కిటికీలు మూసి, పెట్టె మీద తడిగుడ్డ కప్పి, పొగ పోయేదాకా అట్లాగే ఉంచండి.

దశ 2: పెట్టె

అక్వేరియం చేసేవాళ్లు 5 మిల్లీమీటర్ల గాజుతో చేసిస్తారు. తలుపు ముందుకు తెరుచుకునేలా చేయించండి. పైనుంచి వచ్చే చేతిని కప్ప గద్ద అనుకుని బెదురుతుంది. సిలికాన్ అతుకులు ఆరేదాకా వెనిగర్ వాసన వస్తుంది. ఆ వాసన పూర్తిగా పోయాక, నీళ్లతో మూడుసార్లు కడిగాకే వాడండి. తొందరపడి రెండో రోజే కప్పను వేయొద్దు.

పైన సన్నటి దోమల జాలీ వేయించండి. మోటు ఇనుప జాలీ మూతిని గీరుతుంది. తలుపు దగ్గర 3 మిల్లీమీటర్ల సందు కూడా ఉండకూడదు. కప్ప దూరకపోయినా, దాని తిండికి వేసిన కీచురాళ్లు బయటపడి రాత్రంతా మీ మంచం కింద కచేరీ పెడతాయి.

దశ 3: అడుగు, కొమ్మలు

మొదటి నెల రోజులు అడుగున తడి టిష్యూ పేపరు మాత్రమే. పెంట ఎట్లా వేస్తోంది, పురుగులు మిగులుతున్నాయా అన్నది తెల్ల కాగితం మీదే తెలుస్తుంది. ఆ తర్వాత 5 సెంటీమీటర్ల మందం కోకోపీట్ వేయొచ్చు. ఇటుకలా వచ్చే కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది. నానబెట్టి, గుడ్డలో పిండి, ఆ నీళ్లు పారబోసి, ఇట్లా మూడు నాలుగు సార్లు చేయండి. చివరిసారి పిండిన నీళ్ల టీడీఎస్, మీరు పోసిన నీళ్ల టీడీఎస్ దగ్గరదగ్గరగా ఉంటే ఉప్పు పోయినట్టు. పిడికిట్లో గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి, ధార కారకూడదు.

గులకరాళ్లు, ఇసుక వేయొద్దు. పురుగుతోపాటు రాయి మింగితే పేగులో ఇరుక్కుంటుంది. అలంకరణ రాయి వేయాల్సిందే అనుకుంటే కప్ప తలకంటే పెద్దది వేయండి.

కొమ్మలకు జామ బాగుంటుంది, బెరడు నున్నగా ఉంటుంది, కడిగినా చెడదు. పాలుకారే చెట్ల కొమ్మలు, మందు కొట్టే బత్తాయి తోటలో విరిచిన కొమ్మలు వద్దు. కొమ్మ మందం కప్ప నడుమంత ఉండాలి, ఏటవాలుగా గట్టిగా ఆనించాలి. పీవీసీ పైపు ముక్క ఒకటి నిలబెడితే చాలా కప్పలు పగలంతా అందులోనే పడుకుంటాయి, చూపులకు బాగోకపోయినా. నర్సరీ నుంచి తెచ్చిన మనీప్లాంట్‌కు మందు కొట్టి ఉంటారు. మట్టంతా దులిపి, ఆకులు కడిగి, రెండు వారాలు విడిగా ఉంచాకే పెట్టెలోకి.

దశ 4: నీళ్లు

మన జిల్లాల్లో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఒక్కో రకం నీళ్లను విడివిడిగా చూద్దాం.

మిషన్ భగీరథ నల్లా నీళ్లు: అన్నిటికంటే ఇవే మేలు, కానీ క్లోరిన్ ఉంటుంది. వెడల్పాటి ప్లాస్టిక్ బకెట్లో, మూత లేకుండా, 24 గంటలు ఉంచండి. మూతపెట్టిన డ్రమ్ములో ఎన్ని రోజులున్నా క్లోరిన్ సరిగా పోదు. తొందరగా కావాలంటే యాంటీ క్లోరిన్ సీసా మీద రాసిన కొలత ప్రకారం కలపండి. తర్వాత కొన్ని నీళ్లు గ్లాసులోకి తీసి పరీక్ష చుక్కలు వేయండి. పసుపు రంగు తేలితే క్లోరిన్ ఇంకా ఉన్నట్టే. గ్రామపంచాయతీలో క్లోరోస్కోపుతో చేసేది కూడా ఈ పరీక్షే. ట్యాంకు కడిగిన మరునాడు, వానలు మొదలైన వారంలో బ్లీచింగ్ ఎక్కువ వేస్తారు. ఆ రోజుల్లో వాసన మీద ఆధారపడకండి, పరీక్షించండి.

బోరు నీళ్లు: వాడకండి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు బోర్లలో ఫ్లోరైడ్ సంగతి కొత్తగా చెప్పాల్సింది కాదు. తాగునీటికి గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. ఇక్కడ ఒక అపోహ: ‘టీడీఎస్ తక్కువ చూపింది కాబట్టి బోరు నీళ్లు మంచివే’. టీడీఎస్ మీటరు మొత్తం లవణాలనే చెబుతుంది, అందులో ఫ్లోరైడ్ ఎంతో చెప్పదు. కాచి చల్లార్చినా ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా మన జిల్లా పేరే పెట్టి ‘నల్గొండ టెక్నిక్’ అంటుంది. కానీ ఇంట్లో ఉజ్జాయింపుగా పటిక వేసిన నీళ్లు కప్పకు పోయకండి, మిగిలిపోయిన అల్యూమినియం తోలుకు పడదు.

క్యాను నీళ్లు, ఇంటి ఆర్వో నీళ్లు: ఇవి శుభ్రమే కానీ మరీ తేలిక. లవణాలు లేని నీళ్లలో కూర్చున్న కప్ప ఒంట్లోని లవణాలు నీళ్లలోకి పోతాయి. పూర్తిగా క్యాను నీళ్ల మీదే ఆధారపడితే, 3 వంతుల క్యాను నీళ్లకు 1 వంతు క్లోరిన్ పోయిన భగీరథ నీళ్లు కలపండి. టీడీఎస్ మీటరు 100 నుంచి 300 మధ్య చూపిస్తే గిన్నెకు బాగుంటుంది. గాజు మీద చల్లడానికి మాత్రం ఒట్టి ఆర్వో నీళ్లే మంచివి, తెల్లమరకలు పడవు.

రాగి బిందె నీళ్లు: ఒక్క చుక్క కూడా వద్దు. మనకు ఆరోగ్యమని రాత్రంతా రాగి చెంబులో ఉంచుతున్నాం కదా, కప్పలకు రాగి విషం.

గిన్నెలో నీళ్లు కప్ప కూర్చుంటే గడ్డం దాకా రావాలి, అంతకంటే వద్దు. చెట్టుకప్ప మంచి ఈతగాడు కాదు. రోజూ మార్చండి. పెంట పడితే అప్పుడే మార్చండి. గిన్నెను సబ్బుతో తోమొద్దు, వేడినీళ్లు, కొబ్బరిపీచు చాలు.

దశ 5: ఖాళీ పెట్టెను వారం నడపండి

అన్నీ అమర్చాక కప్ప లేకుండానే ఏడు రోజులు చూడండి. ఉదయం 6, మధ్యాహ్నం 3, రాత్రి 10 గంటలకు పై మీటరు, కింది మీటరు రాసుకోండి. కావాల్సింది:

పగలు 24 నుంచి 29 డిగ్రీలు. రాత్రి 20 నుంచి 24. తేమ 50 నుంచి 60 శాతం. నీళ్లు చల్లిన గంటసేపు 70 దాటినా తప్పులేదు, తర్వాత దిగాలి.

మధ్యాహ్నం మూడింటి అంకె 31 దాటుతుంటే పెట్టె చోటు మార్చండి. మార్చినా దిగకపోతే కప్పను ఇప్పుడు కాదు, జులైలో తెచ్చుకోండి. మార్చి నుంచి జూన్ మధ్య కొత్త కప్పను కొనడం మన ప్రాంతంలో తెలివైన పని కాదు. ప్రయాణం బడలిక, కొత్త చోటు, ఎండ మూడూ కలిస్తే గట్టి కప్ప కూడా తట్టుకోలేదు.

దశ 6: కప్పను తేవడం

గాలిబొక్కలున్న ప్లాస్టిక్ డబ్బాలో తడి టిష్యూ వేసి తీసుకురండి. బస్సులో కిటికీ పక్కన కాదు, ఒళ్లో. హైదరాబాద్ నుంచి తెస్తుంటే తెల్లవారుజామున బయల్దేరండి. పెట్టెలో వదిలి లైటు ఆర్పేయండి. మొదటి మూడు రోజులు ముట్టొద్దు, చుట్టాలకు చూపించొద్దు. వారం దాకా తినకపోయినా కంగారు అక్కర్లేదు.

ఇంట్లో ఇంతకుముందే కప్ప ఉంటే కొత్తదాన్ని కనీసం 30 రోజులు వేరే గదిలో, వేరే గిన్నె, వేరే స్ప్రేతో ఉంచండి. ఆస్ట్రేలియాలో, మధ్య అమెరికాలో కప్ప జాతులనే తుడిచిపెట్టిన కైట్రిడ్ బూజు కప్ప నుంచి కప్పకు నీళ్ల ద్వారా, ఒకదాన్నొకటి తాకినా పాకుతుంది. పెట్టె కడిగిన నీళ్లు చెరువులో, కాలువలో పోయకండి. పెంచలేకపోతే కప్పను చెరువు కట్ట మీద వదిలేయడం జాలి చూపించడం కాదు. మన కప్పలకు రోగం అంటించడమే.

ముట్టాల్సివస్తే: చేతులు సబ్బుతో కడిగి, సబ్బు పూర్తిగా పోయేదాకా కడిగి, చివర క్లోరిన్ లేని నీళ్లతో తడుపుకోండి. శానిటైజరు, వేపనూనె, ఒడోమాస్ పూసిన చేతులు వద్దే వద్దు. కప్పను పెట్టాక మళ్లీ సబ్బుతో కడుక్కోండి, కప్పల ఒంటి మీద సాల్మొనెల్లా అనే రోగక్రిమి ఉండొచ్చు. ఐదేళ్ల లోపు పిల్లల చేతికి ఇవ్వకండి.

దశ 7: తిండి

కీచురాళ్లు ప్రధానం. కొలత: కప్ప రెండు కళ్ల మధ్య దూరంకంటే పొడవైన పురుగు వేయొద్దు. 5 సెంటీమీటర్ల లోపు పిల్లకప్పకు రోజు విడిచి రోజు 5, 6 చిన్నవి. పెద్దదానికి వారానికి రెండు మూడుసార్లు, సారికి 4 నుంచి 6. పొద్దుగూకాక వేయండి. తినకుండా మిగిలినవాటిని తెల్లారేసరికి తీసేయండి, ఆకలేసిన కీచురాయి నిద్రపోయే కప్పను కొరుకుతుంది.

పొలంలో పట్టిన మిడతలు ఉచితంగా వస్తాయని వేయకండి. వరి, పత్తి, బత్తాయి ఏ చేనైనా మందు కొట్టనిది అరుదు. ఒక్క మిడత చాలు. బొద్దింకలు కూడా అంతే, పక్కింటివాళ్లు జెల్ పెట్టి ఉంటారు.

కీచురాళ్లను ఇంట్లోనే పెంచుకోవడం తేలిక. కప్పకు పడని మన వేడి వాటికి బ్రహ్మాండంగా పడుతుంది. 40 లీటర్ల ప్లాస్టిక్ టబ్బు మూతకు జాలీ అతికించి, లోపల కోడిగుడ్ల అట్టలు నిలబెట్టండి. ఒక చిన్న డబ్బాలో తడి కోకోపీట్ పెడితే అందులో గుడ్లు పెడతాయి. 30 డిగ్రీల దగ్గర పది పన్నెండు రోజుల్లో పిల్లలు వస్తాయి, సుమారు ఆరు వారాలకు పెద్దవవుతాయి. నీళ్ల గిన్నె పెడితే మునిగి చస్తాయి, సొరకాయ ముక్క చాలు. కప్పకు వేసే ముందురోజు వాటికి కడిగిన మునగాకు, క్యారెట్ పెట్టండి. మునగాకులో కాల్షియం దండిగా ఉంటుంది. పాలకూర వద్దు, అందులోని ఆక్సలేట్ కాల్షియాన్ని పట్టేస్తుంది.

ఎర్రలు (వానపాములు) కూడా మంచి తిండే, కానీ వర్మీకంపోస్టు కేంద్రం నుంచి తెచ్చేటప్పుడు రకం చూడండి. నలిపితే కంపు కొట్టే సన్నటి ఎర్రగా ఉండేవాటిని కప్ప నోట్లో పెట్టుకుని ఉమ్మేస్తుంది. లావుగా, ఊదారంగులో ఉండే ఆఫ్రికా రకం తింటుంది. పెద్ద కప్పకు వారానికి ఒకటి. మీల్‌వార్మ్, సూపర్‌వార్మ్ అనే పురుగులు అప్పుడప్పుడే, కొవ్వు ఎక్కువ.

కాల్షియం: పురుగులను చిన్న డబ్బాలో వేసి చిటికెడు పొడి చల్లి ఊపండి, తెల్లగా పూతపట్టాలి. పిల్లకప్పకు ప్రతిసారీ, పెద్దదానికి సారి విడిచి సారి. డి3, విటమిన్ పొడి వారానికి ఒక్కసారే, ఎక్కువైనా చేటే. కాల్షియం పొడి దొరకకపోతే కోడిగుడ్డు పెంకులను పది నిమిషాలు ఉడికించి, ఎండబెట్టి, మిక్సీ పట్టి, పలుచటి గుడ్డలో జల్లించండి. ఇందులో డి3 ఉండదు కాబట్టి వారానికోసారి ఆ పొడి మానొద్దు. ఒంట్లో డి3 తయారవడానికి తోడ్పడే తక్కువ శక్తి యూవీబీ ట్యూబులైటు పెట్టగలిగితే మంచిది, దాని వేడి పెట్టెలోకి ఎంత దిగుతోందో మాత్రం మీటరులో చూసుకోండి.

ఎండాకాలం: మార్చి 15 నుంచి జూన్ తొలకరి దాకా

30 డిగ్రీల వరకు ఏమీ చేయనక్కర్లేదు. 31 చూపిస్తే పని మొదలుపెట్టండి. 34 దాటితే ప్రాణం మీదికి వస్తుంది.

కూలర్ మనకు వరం. ఏప్రిల్, మేలో గాలి ఎండిపోయి ఉంటుంది కాబట్టి కూలర్ గది వేడిని దించుతుంది, తేమనూ పెంచుతుంది. కప్పకు రెండూ కావాలి. గాలి నేరుగా పెట్టె మీదికి కొట్టనీయకండి. కిటికీ ఒకటి తెరిచి ఉంచండి, లేకపోతే గది ఉక్కపోస్తుంది. కూలర్ నీళ్లలో అత్తరు, కర్పూరం వేసే అలవాటుంటే మానండి. కొత్త గడ్డి వేసిన కూలర్‌ను రెండు రోజులు ఆరుబయట నడిపాకే గదిలోకి తెండి. వానలు పడ్డాక కూలర్ పనిచేయదు, చెమ్మ మాత్రమే పెంచుతుంది. అప్పుడు ఆపేయండి.

ఏసీ ఉంటే 26 మీద పెట్టండి. ఏసీ గాలిని పొడిబారుస్తుంది కాబట్టి రాత్రి ఒకసారి, తెల్లవారి ఒకసారి నీళ్లు చల్లాలి.

కూలర్, ఏసీ రెండూ లేకపోతే: అరలీటరు సీసాలో నీళ్లు గడ్డకట్టించి, పాత నూలు గుడ్డ చుట్టి, పెట్టె పై జాలీ మీద పడుకోబెట్టండి. చల్లగాలి బరువు కాబట్టి కిందికి దిగుతుంది. అందుకే సీసా పైన పెట్టాలి, లోపల కాదు. మూడు సీసాలు ఫ్రీజరులో ఉంచుకుని కరిగిన కొద్దీ మార్చండి. నీళ్ల గిన్నెలో ఐసు ముక్క వేయడం, ఫ్రిజ్ నీళ్లు చల్లడం పెద్ద తప్పు. ఒక్కసారిగా చల్లబడితే తట్టుకోలేదు. క్లోరిన్ పోయిన నీళ్లను రంజన్‌లో పోసి ఉంచుకుంటే చల్లడానికి ఆ చల్లదనం సరిగ్గా సరిపోతుంది.

పెట్టెకు మూడువైపులా తడి గోనె కప్పినా వేడి కొంత దిగుతుంది. కొత్త గోనె కొని ఉతికి వాడండి. ఎరువుల బస్తా, విత్తనాల బస్తా వద్దు, విత్తనాలకు మందు పట్టించి ఉంటారు.

మధ్యాహ్నం కరెంటు పోయి లోపల 33 దాటితే: కప్పను తడి టిష్యూ వేసిన గాలిబొక్కల డబ్బాలోకి మార్చండి. ఆ డబ్బాను థర్మోకోల్ పెట్టెలో పెట్టి, ఒక మూలన గుడ్డ చుట్టిన ఐసు సీసా ఉంచి, మూత వేలెడు సందుతో వేయండి. మీటరు కూడా లోపలే పెట్టండి. 24, 26 మధ్య ఉండాలి, 20 కంటే దిగితే సీసా తీసేయండి. చేపల థర్మోకోల్ డబ్బా వద్దు, కొత్తది ముందే తెచ్చి పెట్టుకోండి.

వేడి తగిలిన కప్ప ఎట్లా ఉంటుంది? పగలంతా గిన్నెలోనే ఉంటుంది. తోలు మెరుపు తగ్గి కళావిహీనమవుతుంది. కాళ్లు ముడుచుకోకుండా చాపి పడుకుంటుంది. కండరాలు అదిరితే ఆలస్యమైనట్టే: పైన చెప్పిన డబ్బాలోకి మార్చి వెంటనే డాక్టరుకు ఫోను చేయండి.

వానకాలం, చలికాలం

జులై నుంచి సెప్టెంబరు దాకా నీళ్లు చల్లడం దాదాపు ఆపేయండి. గాజు మీద పగలంతా చెమ్మ నిలిస్తే తేమ ఎక్కువైనట్టు. ఎడతెగని తడిలో తోలుకు బ్యాక్టీరియా పడుతుంది. పై జాలీ మీద ఏమీ కప్పకండి. తొలకరి రాత్రి మగకప్ప గట్టిగా అరుస్తుంది, మిక్సీ తిరిగినా బదులిస్తుంది. జబ్బు కాదు.

డిసెంబరు, జనవరి రాత్రుల్లో మన దగ్గర గది 18 కంటే దిగవచ్చు. మూడువైపులా దుప్పటి కప్పితే చాలావరకు సరిపోతుంది. చాలకపోతే థర్మోస్టాట్ (వేడిని అదుపులో ఉంచేది) ఉన్న చిన్న హీట్ మ్యాట్ పక్క గాజుకు బయటివైపు అతికించండి, అడుగున కాదు. 18 కంటే తక్కువున్న రోజుల్లో తిండి వేయొద్దు, కడుపులో అరగక కుళ్లుతుంది.

బాగుందో లేదో ఎట్లా తెలుస్తుంది?

వారానికోసారి, తిండికి ముందు, డబ్బాలో పెట్టి తూచండి. పిల్లకప్ప బరువు పెరుగుతూ ఉండాలి. పెద్దకప్ప బరువు పదోవంతు తగ్గితే ఆగకండి. కళ్ల పైన, చెవి మీద తోలు మడతలు బరువుగా వేలాడితే లావెక్కింది, తిండి సగం చేయండి. ఈ కప్ప లావెక్కడంలో ఘనాపాటి. అడుక్కుంటున్నట్టు చూసే దాని చూపుకు లొంగకండి.

చూసి భయపడనక్కర్లేనివి: రంగు ఆకుపచ్చ నుంచి గోధుమకు మారి తిరిగి రావడం, ఆవలిస్తూ ఒళ్లు విరుచుకుంటూ తన కుబుసం తానే మింగడం, పగలంతా కదలకుండా నిద్రపోవడం.

ఆలస్యం చేయకూడనివి: తొడలు, పొట్ట ఎర్రబడటం. కన్ను మసకబారడం. ఒళ్లు నీళ్ల సంచిలా ఉబ్బడం. దవడ మెత్తబడటం, వేళ్లు వణకడం (కాల్షియం లోపం). పది రోజులు పెంట వేయకపోవడం. వెనకనుంచి గులాబీరంగు పేగు బయటికి రావడం. చివరిదానికి, డాక్టరు దగ్గరికి చేరేదాకా చిక్కటి చక్కెర నీళ్లతో తడిపిన శుభ్రమైన గుడ్డ మీద ఉంచండి, వేలితో లోపలికి తోయకండి. ఊరి పశువుల ఆసుపత్రిలో ఎక్కువగా చూసేది గేదెలు, గొర్రెలనే కాబట్టి ముందు ఫోను చేసి కప్పను చూస్తారా అని అడగండి. లేకపోతే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. మీరు రాసుకున్న బరువులు, ఉష్ణోగ్రతల పేజీ, తాజా పెంట ఒక డబ్బాలో వెంట తీసుకెళ్లండి. పశువుల మందులషాపులో అడిగి తెచ్చిన పురుగుల మందు చుక్క వేసి చూడొద్దు, ఆ మోతాదులు గొర్రెల కోసం.

ఊరికి వెళ్తే

పెద్దకప్ప తిండి లేకుండా నాలుగైదు రోజులు నిక్షేపంగా ఉంటుంది. నీళ్లు లేకుండా, చల్లదనం లేకుండా ఉండదు. దసరాకు వెళ్తే రెండు గిన్నెల్లో నీళ్లు పెట్టి, పక్కింటివాళ్లను రోజుకోసారి గిన్నె మార్చమంటే చాలు. ఆ నీళ్లు మీరే సీసాల్లో పోసి, తేదీ రాసి పెట్టి వెళ్లండి, లేకపోతే బోరు నీళ్లు పోస్తారు. మేలో పెళ్లిళ్లకు వెళ్లాల్సివస్తే మాత్రం కప్పను తాళం వేసిన ఇంట్లో వదలకండి. కూలర్ నడిచే ఇంట్లో ఎవరికైనా పెట్టెతో సహా అప్పగించండి, మీటరులో 31 చూపిస్తే ఏం చేయాలో కాగితం మీద రాసి పెట్టె గాజుకు అతికించి వెళ్లండి.